కాలువగట్టు దారి : ధవళేశ్వరము నుండి నరసాపురము వరకు

రాజమహేంద్రవరము నుండి నరసాపురము చేరుటకు త్వరపడువారికి ఒక దారి, తీరిక గలవారికి ఒక దారి ఉన్నవి. త్వరపడువారు జాతీయ రహదారి మీద రావులపాలెము వచ్చి, సిద్ధాంతము వంతెన దాటి, మార్టేరు మీదుగా పాలకొల్లు చేరుదురు. రెండవ దారి ధవళేశ్వరము వద్ద గోదావరి మీదికి ఎక్కి, బొబ్బర్లంకలో దిగి, కాలువగట్టు పట్టుకొని ఆత్రేయపురము, లొల్ల, రావులపాలెము, కొత్తపేట, అంబాజీపేట, పి. గన్నవరము, రాజోలు మీదుగా వంకరలు తిరుగుచు సాగును. దూరము వంద కిలోమీటర్లకు కొంచెము అటు ఇటు. అన్నీ చిన్న ఊళ్ళే. ఒక్కదానినీ మహానగరమని ఎవరును అనరు.

మన సంఘములలోని యౌవనస్థులు, స్త్రీల సమాజమువారు సంవత్సరమునకు ఒకసారి బస్సు మాట్లాడుకొని ఈ ప్రాంతమునకు విహారయాత్ర పోవుట పరిపాటి. కొబ్బరితోటలు, అరటితోటలు, పచ్చని చేలు, కాలువలో నీడలు చూచి, సృష్టికర్తను స్తుతించుచు పాటలు పాడుకొని తిరిగి వత్తురు. పాడవలసినదే. అయితే ఈ దారిలో కంటికి కనబడు అందములో సగమైనను సృష్టి ఆరంభమున ఉన్నది కాదు. దానికి రెండు వందల సంవత్సరముల వయస్సు కూడ లేదు. అది మనుష్యులు త్రవ్వి, మోసి, కట్టి చేసిన అందము. ఆ మనుష్యులలో అనేకులు మన పూర్వులు. శతజయంతి సంచికలో దైవజనుల చరిత్రలు వ్రాయుటకు నాకంటె సమర్థులు ఉన్నారు గనుక నేను ఈ దారి చరిత్ర వ్రాయబూనితిని.

ఇప్పుడు అన్నపూర్ణ అని పిలువబడు ఈ సీమ 19వ శతాబ్దము మొదటి భాగములో ఎట్లుండెనో నమ్ముట కష్టము. గోదావరి నిండుగా పారి సముద్రములో కలిసిపోవుచుండెను; ఒడ్డున ఉన్న పొలములు వానకొరకు ఆకాశము వైపు చూచుచుండెను. 1832-33లో వచ్చిన కరువును జనులు నందన కరువనియు, డొక్కల కరువనియు పిలిచిరి. ఆ కరువు గుంటూరు సీమను ఊడ్చివేసెను; గోదావరి ప్రాంతమును కూడ విడువలేదు. 1839 నవంబరులో కోరంగి తీరమున సముద్రము పొంగి ఊళ్ళను ముంచెను. 1821లో 7 లక్షలకు పైగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 60 వేలకు దిగిపోయెను. కొందరు చచ్చిరి, కొందరు ఊరు విడిచి పోయిరి. ఇప్పుడు మనము కిటికీలోనుండి చూచి మురిసిపోవు ఊళ్ళు ఆనాడు సగము ఖాళీ అయిన ఊళ్ళు.

కాటన్ దొరగారి పేరు ఎరుగనివారు ఈ జిల్లాలలో లేరు. 1803లో పుట్టి 1899లో మరణించిన ఆర్థర్ కాటన్ ఈ సీమను చూచి, 1844లోను 1845లోను ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసెను. 1846 చివర అనుమతి వచ్చెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా, నడుమ లంకలను కలుపుకొనుచు ఆనకట్ట వేసిరి. ధవళేశ్వరము కొండను పగులగొట్టి, ఆ రాతిని ఇనుప పట్టాల మీద బండ్లలో ఏటి ఒడ్డుకు తెచ్చి, పడవలలో నింపి నదిలో వేసిరి.

ఇసుక మీద ఇల్లు కట్టినవాని గతి యేమాయెనో మనము ఆదివార పాఠశాల పిల్లలకు బోధింతుము. ఈ ఆనకట్ట పునాది అంతయు ఇసుకయే! గోదావరి గర్భములో ఎంత త్రవ్వినను రాయి తగలలేదు. ఇసుకలోనికి నూతులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువను విస్తారముగా వట్టి రాళ్ళు పరచిరి. ఈ విద్య ఇంగ్లండు నుండి వచ్చినది కాదు. కావేరి మీద చోళరాజుల కాలపు కల్లణై అను ఆనకట్ట ఇసుక మీద ఎట్లు నిలిచి యున్నదో కాటన్ అక్కడ పనిచేసిన కాలమున పరిశీలించి నేర్చుకొనెను. ఆ సంగతిని ఆయన దాచలేదు కూడ. ఆ ఇసుక పునాది కట్టడము నూట ఇరువదియేండ్లకు పైగా నీరు మలిపినది. 1970లలో మొదలుపెట్టి 1980ల మొదటి భాగమునకు పూర్తిచేసిన బ్యారేజి ఇప్పుడు ఆ పని చేయుచున్నది. మనము దాటిపోవు వంతెన ఆ బ్యారేజి మీదిదే. మూడు డెల్టాలు కలిపి దాదాపు 10 లక్షల ఎకరములకు ఇక్కడనుండి నీరు పోవును.

కాటన్ గుఱ్ఱము మీద కూర్చున్న విగ్రహములు డెల్టాలో ఊరూర కలవు. విగ్రహము లేని మరొక పేరు చెప్పెదను. వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిచేయి. కూలీలను కూడగట్టుట, రాయి సున్నము సమకూర్చుట, పని జరిపించుట ఆయన భుజముల మీద పడెను. రాయబహదూర్ బిరుదు పొంది 1867లో మరణించెను. ధవళేశ్వరములో ఆయన జ్ఞాపకార్థము శిలాఫలకము ఉన్నది, చూచువారు తక్కువ. వీరన్న క్రింద పనిచేసినవారికి శిలాఫలకము కూడ లేదు. పని ముమ్మరముగా జరుగు దినములలో దాదాపు 10,000 మంది కూలీలు ఉండిరట. వడ్డెరలు, మాలలు, మాదిగలు, కరువులో ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న రైతులు, బుట్ట మోయగలిగిన స్త్రీలు, పిల్లలు. వారిలో ఒక్కరి పేరైనను నేను ఏ గ్రంథములోను చూడలేదు.

బొబ్బర్లంకలో దిగగానే కాలువ మనకు తోడగును. ఇక అది కుడిచేతి ప్రక్కనో ఎడమచేతి ప్రక్కనో మనతోనే నడచును. పొలము కంటె దారి ఎత్తుగా ఉండుటకు కారణము ఉన్నది. అది మొదట దారి కాదు, కాలువ త్రవ్విన మట్టి పోసిన గట్టు. అసలు దారి నీటిదే. 1850ల నుండి సుమారు నూరేండ్లు ఈ సీమలో పెద్దమనిషి అయినను, పెండ్లివారైనను, ధాన్యపు బస్తా అయినను పడవ ఎక్కియే పోవలసినది. గాలి అనుకూలమైన తెరచాప ఎత్తుదురు. లేనియెడల ఇద్దరు మనుష్యులు గట్టు మీద నడచుచు నడుముకు తాడు కట్టుకొని పడవను లాగుదురు. నేడు మన బస్సు పోవు దారి ఆ తాడు లాగినవారి కాలిబాట. రాత్రి ధవళేశ్వరములో పడవ ఎక్కి నిద్రించి, ఏ లాకు దగ్గరనో తలుపులు తెరచు చప్పుడుకు మేలుకొనుట పాతతరమువారికి మామూలు. కాకినాడలో ఎక్కినవాడు గోదావరి, కృష్ణ కాలువలు, కొమ్మమూరు కాలువ, ఆపై బకింగ్‌హాం కాలువ పట్టుకొని మద్రాసు వరకు నీటి మీదనే పోగలిగిన దినములవి. ఆ బ్రతుకును తెలిసికొనగోరువారు పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ కథ చదువవలెను. ఆయన అత్తిలి దగ్గరి తిరుపతిపురములో పుట్టినవారు; పడవలోని చీకటిని ఎరిగినవారు.

ఆ కాలపు గురుతు ఊళ్ళ ముఖములలో ఇంకను ఉన్నది. పాత ఇండ్లు, పాత అంగళ్ళు, కొన్ని పాత గుడులు కాలువ వైపు తిరిగి యుండును. ప్రతి ఊరికి మెట్లు గల రేవు ఉండును. తారురోడ్డు వచ్చిన తరువాత కట్టినవన్నియు రోడ్డు వైపు తిరిగి, కాలువకు వీపు చూపును. వీపు చూపిన దినము నుండి కాలువలో చెత్త వేయుట మొదలైనది. ఆత్రేయపురము దాటిన తరువాత రెండు మూడు చోట్ల మీరే చూడగలరు. ఈ మాట నాకు ప్రయాసగా ఉన్నది గాని వ్రాయక తప్పదు.

ఆత్రేయపురము అనగానే పిల్లలు పూతరేకులు అందురు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించినది. కొనితినుటయే గాని చేయుట చూచినవారు తక్కువ గనుక చెప్పెదను. బోర్లించిన నున్నని కుండ క్రింద ఎండు కొబ్బరాకులు మండుచుండును. పలుచని బియ్యపు పిండిలో తెల్లగుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగుదురు. రేకు కట్టుటకు రెప్పపాటు చాలును. దానిని చినుగకుండ తీయుటకు సంవత్సరముల అభ్యాసము కావలెను. పనివారందరు స్త్రీలే. పొగలో, సెగలో కూర్చుండి దినమునకు వందల రేకులు తీయుదురు. నేతి వాసన, బెల్లపు వాసన రోడ్డుకు వచ్చును. పొగ ఇంటిలోనే ఉండిపోవును. ఆత్రేయపురము ప్రక్కనే ఉన్న పులిదిండిలో బాపుగారు 1967లో ‘సాక్షి’ చిత్రమును తీసిరి. సినిమాల సంగతి పాస్టరుకేల అందురేమో! ఆ చిత్రములో ఆనాటి పడవలు, ఆనాటి రేవులు ఉన్నవి. చరిత్రకు అదియు ఒక సాక్ష్యమే. లొల్ల లాకుల దగ్గర కాలువ చీలిపోవును. అక్కడ చెట్ల నీడలో బస్సు ఆపి భోజనము చేయని బృందము లేదు.

రావులపాలెము అరటిగెలల సంత. కొత్తపేటలో ఆగుటకు పనిలేదు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారమునకు పేరుపడినది. కొబ్బరి పరిశోధన కేంద్రము కూడ ఇక్కడనే ఉన్నది. ఇచ్చటి తోటలను చూచి ఇవి అనాదిగా ఇట్లే ఉన్నవని అనుకొనరాదు. 1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను కోనసీమను పట్టుకొనెను. వెయ్యిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు లక్షలలో తలలు తెగి పడిపోయెను. కొబ్బరిమొక్క నాటినవాడు కాయ చూచుటకు ఏండ్లు కనిపెట్టవలెను గనుక తుపాను ఒక్క రాత్రిలో పోయినను దాని నష్టము ఏడెనిమిది సంవత్సరములు ఇంటిలో కూర్చుండెను. అంతకు పదేండ్ల ముందు, 1986 ఆగస్టులో, ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ఏటిగట్లు తెగిపోయెను. దారికి ఇరువైపుల ఉన్న చెట్ల వయస్సు చూచి ఏ తోట ఏ విపత్తు తరువాత నాటినదో చెప్పగలవారు ఆ ఊళ్ళలో కలరు.

ఇక్కడ కొంచెము ఆగి ఒక సంగతి వ్రాయవలెను. కాలువ వచ్చిన తరువాత నీరు పారిన భూమి బంగారమాయెను. అయితే కాలువ త్రవ్విన చేతులలో అనేకమునకు ఆ భూమిలో సెంటు కూడ దక్కలేదు. వారు ఆ పొలములలోనే పాలేర్లుగా, కూలీలుగా మిగిలిరి. ఊరిలో చోటు లేని వారికి మిగిలినది గట్టు. గట్టు ప్రభుత్వపు పోరంబోకు గనుక గుడిసె వేసికొన్నను అడుగువారు లేరు. పట్టా ఇచ్చువారును లేరు. ఒకవైపు కాలువ, ఒకవైపు దారి, నడుమ పది అడుగుల వెడల్పులో మూడు తరములు పుట్టి పెరిగినవి. మన సంఘములలో ఎన్ని కుటుంబముల ఇంటిపేరుకు ముందు ‘గట్టు మీద’ అను మాట ఉన్నదో పెద్దలను అడుగుడి. రోడ్డు వెడల్పు చేయుదుమన్న ప్రతిసారి, కాలువ గట్టు పటిష్ఠము చేయుదుమన్న ప్రతిసారి మొదట గుండె దడదడలాడునది ఆ ఇండ్లలోనే. రోడ్డు వలదని నేను అనను. ఆస్పత్రికి త్వరగా పోవుటకు ఆ గట్టు మీదివారికే రోడ్డు ఎక్కువ అవసరము. కాని గట్టు వేసినవాని మనుమని గట్టు మీదినుండి లేపునప్పుడు, వానిని ఆక్రమణదారుడని పిలుచుట నా చెవికి ఇంపుగా లేదు. ఇల్లు చూపి తరువాత లేపుడని అడుగుట న్యాయమే. విహారమునకు పోవు మన బస్సులు ఆ గుడిసెల ప్రక్కనుండియే పోవును. పిల్లలు వాటిని కూడ అందమైన దృశ్యమని ఫోటోలు తీయుదురు.

పి. గన్నవరము వద్ద గోదావరి పాయయైన వైనతేయ అడ్డు వచ్చును. ఆవలనున్న నగరము దీవికి కాలువ నీరు పోవలెనన్న నది మీదుగా కాలువను దాటించవలెను. 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. ఈ అక్విడక్టును హేగ్ అను యువ సైనికాధికారి 1851-52లో ఒక్క వేసవి కాలములో కట్టించెను. క్రింద నది, మీద కాలువ! మొదటిసారి చూచినవారు తప్పక నోరు తెరచుదురు. నాలుగు నెలలలో అంత ఇటుక కాల్చినదెవరు, సున్నము నూరినదెవరు అని ఎవరును అడుగరు. ఈ హేగ్‌గారే తరువాత ఎగువ గోదావరిలో పడవల మార్గము పనికి దుమ్ముగూడెము వెళ్ళి, అచ్చట కోయవారి మధ్య మిషను పని మొదలగుటకు కారకులైరని మన సంఘ చరిత్ర చదివినవారికి తెలియును. పాత కట్టడమునకు ప్రక్కనే 2000 సంవత్సరములో క్రొత్తది వచ్చినది. ప్రక్కప్రక్కన నిలబెట్టి చూచిన పాతదే చక్కనిదని నా అభిప్రాయము.

క్రొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఇది సరియైన పేరు. 1841లో పుట్టి 1909లో మరణించిన ఈ తల్లి ప్రక్కనున్న లంకల గన్నవరములో జోగన్నగారి ఇల్లాలు. నది దాటవలసిన బాటసారులు రేవు దగ్గర చీకటిపడి చిక్కుకొందురు. వరద వచ్చినయెడల దినములకొలది కూర్చుందురు. వేళ కాని వేళ వచ్చినను, ఏ కులమువాడని అడుగక, ఆమె పొయ్యి వెలిగించి అన్నము పెట్టెను. ఆస్తి కరిగిపోయినను మానలేదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఆమె కీర్తి విని పిలిపించగా, అన్నము పెట్టు పని విడిచి రాలేనని చెప్పెననియు, ఆమె ఫోటోనైనను తెప్పించుకొనిరనియు ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె మన మతస్థురాలు కాదు. అయినను మన సంచికలో ఆమె పేరు ఉండుట నాకు సంతోషము. దారి అనగా మన్ను, తారు మాత్రమే కాదు గదా. దారిలో పోవువాడు ఆకలిగొన్నప్పుడు తెరచియుండు తలుపు కూడ.

అక్విడక్టు దాటినది మొదలు దీవి. నగరము గ్రామములో 2014 జూన్ 27వ తేది తెల్లవారుజామున భూమిలోని గ్యాసు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా కాలిపోయిరి. టీ దుకాణములో పొయ్యి వెలిగించువేళ అది. పచ్చని తోటల క్రింద గొట్టములు పోవుచున్నవని ప్రయాణికునకు తెలియదు. రాజోలు దాటి దిండి వచ్చినంతట వశిష్ఠ కనబడును. చించినాడ వంతెన ఈ శతాబ్దపు ఆరంభములో వచ్చినది. అంతకు పూర్వము ఈవలివారు ఆవలికి పోవలెనన్న పంటు ఎక్కవలసినదే. బస్సు, ఎద్దులబండి, పెండ్లికొడుకు, పేడతట్ట అన్నియు ఒకే పంటు మీద. దాటుటకు ఇచ్చు రుసుమును కేవు అందురు. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చును.

పాలకొల్లు క్షీరారామ గోపురము దూరమునుండియే కనబడును. 17వ శతాబ్దములోనే డచ్చివారు ఇక్కడ బట్టల వ్యాపారము చేసిరి. నరసాపురమును ఆనుకొనియున్న మాధవాయపాలెములో ఇంగ్లీషువారి కోఠీ ఉండెను. ఆ ఊరిపేరు ‘మదపొల్లము’ అని మారి ఒక రకపు తెల్లబట్టకు పేరై దేశదేశములు తిరిగినది. ఇక్కడి ఓడల పని కూడ ఆ కాలములో పేరుమోసినదే. మన నేతగాండ్ర ఊరు ఇంగ్లీషు నిఘంటువులోనికి ఎక్కినది. నేతగాండ్రు మాత్రము ఎక్కలేదు.

కాలువలు లేని కాలములోనే, 1836లో మద్రాసు చేరి, మచిలీపట్టణము మీదుగా నరసాపురము వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు సహోదరులను గోదావరి క్రైస్తవులు మరువరు. వీరు పండితులు కారు. ఇంగ్లండులో బార్న్‌స్టపుల్ అను ఊరివారు. బౌడెన్‌గారు రాతిపనివారు, బీర్‌గారు చెప్పులు కుట్టువారు. ఏ సొసైటీ జీతమును లేదు. ఈ దేశమునకు వచ్చిన దొరలలో చెప్పులు కుట్టిన చేతులు గలవారు ఎందరు? ఆ పనిని అంటరానిదిగా ఎంచిన సీమలో, ఆ పని చేసినవాడే బోధకుడై మాదిగపల్లెకు నడచి వచ్చుట ఎట్టి సంగతియో నేను విస్తరించి చెప్పనక్కరలేదు. బీర్‌గారు 1853లో ఆనకట్ట పూర్తియైన మరుసటి సంవత్సరము మరణించిరి. పాలకొల్లులో నివసించిన బౌడెన్‌గారు 1876 వరకు జీవించి కాలువలలో పడవలు తిరుగుట చూచిరి.

నరసాపురములో దారి ముగియును, ఇక సముద్రమే. ఊరిలోనికి పోవు ముందు చుట్టుపట్ల పల్లెలలో అరుగుల మీద కూర్చున్న స్త్రీలను చూడుడి. చేతిలో క్రోషియా సూది, ఒడిలో తెల్లదారము. మిషనరీల ఇండ్ల స్త్రీలు మొదట బీద క్రైస్తవ స్త్రీలకు నేర్పిన ఈ లేసు పని తరువాత ఇతర కులముల స్త్రీలకు వ్యాపించి, వేలాది ఇండ్లకు ఆధారమాయెను. మరియా మీస్ అను జర్మను విదుషి ఈ పల్లెలలో తిరిగి 1982లో ఒక పుస్తకము ప్రకటించిరి. ఈ స్త్రీలు దినమంతయు పనిచేసి, విదేశములకు ఎగుమతి యగు సరకు తయారుచేయుచుండగా, లోకము వారిని పనివారని పిలువక ఇల్లాండ్రని పిలిచి, తీరిక వేళ వ్యాపకమని చెప్పి, కొద్దిపాటి కూలి ఇచ్చుచున్నదని ఆమె లెక్కలతో చూపిరి. 2024లో నరసాపురము లేసుకు కూడ భౌగోళిక గుర్తింపు వచ్చినది. మీరు కొనబోవునప్పుడు దుకాణములో కాక, వీలైన యెడల అరుగు దగ్గరనే అడుగుడి. ఒక బల్లగుడ్డకు ఎన్ని దినములు పట్టినదో ఆమెనే చెప్పనిచ్చి, తరువాత ధర మాట్లాడుడి.